ఇనుముకు తొడిగిన చొక్కా



కిందటి దసరా సెలవుల్లో నేను జంగారెడ్డిగూడెం వెళ్ళాను. దానికి దగ్గరలోనే ఒక పల్లెలో మా అక్కయ్య ఉంటుంది. అది మెట్ట ప్రాంతం, ఎర్రనేల. కొల్లేటి చుట్టూ ఉండే చేపల చెరువులూ, తాడేపల్లిగూడెం వైపు వరిచేలూ చూసి అక్కడికి వెళ్ళినవాళ్ళకు అదేదో మరొక దేశం లాగా ఉంటుంది. ఎటు చూసినా పామాయిలు తోటలూ, పొగాకు బ్యారన్లూ కనిపిస్తాయి.

నేను వెళ్ళేసరికి మా మేనల్లుడు పెరట్లో చింతచెట్టు కింద, ఒక గొర్రు ముందు దిగులుగా కూచుని ఉన్నాడు. వాడు ఏడో తరగతి చదువుతున్నాడు.

"ఏమిరా, గొర్రుతో మాట్లాడుతున్నావా?" అని అడిగాను.

"మామయ్యా, నువ్వు పత్రికలో సైన్సు సంగతులు రాస్తావుగా! రంగు వేసినా ఇనుము తుప్పు పడుతుందా?" అన్నాడు వాడు.

నేను గొర్రు కేసి చూశాను. ట్రాక్టరుకు తగిలించే తొమ్మిది కర్రుల గొర్రు అది. బోల్టుల చుట్టూ, అంచుల వెంబడి తుప్పు లేచింది. అక్కడక్కడ రంగు బొబ్బల్లాగా ఉబ్బి ఉన్నది.

సంగతి ఏమిటంటే, ఆ గొర్రు వాళ్ళది కాదు, ఎదురింటి రైతుది. మావాడు ఆయనను పెదనాన్నా అని పిలుస్తాడు. వేసవి దుక్కులకు వాడి తాతయ్య దాన్ని అరువు తెచ్చాడు. తిరిగి ఇవ్వబోతే ఆ రైతు, "నేను అమ్మాయి దగ్గరికి హైదరాబాదు వెళుతున్నాను, బాబాయిగారూ! వచ్చిందాకా మీ దగ్గరే ఉంచండి," అన్నాడట.

తాతయ్యకు ఒక నియమం ఉన్నది. అరువు తెచ్చిన వస్తువు తెచ్చిననాటి కంటె బాగుండేటట్టు చేసి తిరిగి ఇవ్వాలి. అందుచేత ఆయన అరలీటరు ఎర్ర రంగు డబ్బా—రెడ్ ఆక్సైడ్ ప్రైమరు అంటారే, అది—ఒకటీ, ఒక సీసా తిన్నరూ కొనితెచ్చి, "దీనికి నువ్వు రంగు వెయ్యరా," అని మనవడికి అప్పగించాడు.

మనవడు ఉత్సాహంగా పనిలోకి దిగాడు. కాని డబ్బాలో రంగు చిక్కగా ఉండి, కుంచె సాగలేదు. కాస్త తిన్నరు పోస్తే సాగింది. ఇంకా పోస్తే నీళ్ళలాగా జారింది. చివరకు డబ్బాడు రంగుకు డబ్బాడు తిన్నరు కలిపేశాడు! గొర్రు అంతా వేసినా రంగు మిగిలింది. దానితో వీధి గేటుకు కూడా వేశాడు. ఒక డబ్బాతో రెండు డబ్బాల పని చేశానని ఇంటిల్లిపాదికీ చెప్పుకున్నాడు.

తరవాత వానాకాలం వచ్చింది, వెళ్ళింది. గొర్రు ఇలా తయారయింది. పెదనాన్న ఆదివారం ఊరు నుంచి వస్తున్నాడు. ఆ రోజు గురువారం.

"మామయ్యా, ఈసారి తిన్నరు కలపకుండా చిక్కటి రంగు దట్టంగా పట్టించేస్తాను. తుప్పు కనిపించదు గదా?" అన్నాడు వాడు నెమ్మదిగా.

నేను ఒక స్క్రూడ్రైవరు తీసుకుని ఒక బొబ్బ మీద పొడిచాను. రంగు పెచ్చు ఊడి పడింది. దాని అడుగున గోధుమరంగు పొడి ఉన్నది.

"కనిపించనంత మాత్రాన తుప్పు ఊరుకోదురా. రంగు కింద దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది," అన్నాను.

ఇనుము తుప్పు పట్టాలంటే రెండు వస్తువులు కావాలి: ఒకటి నీరు, రెండోది గాలిలో ఉండే ఆమ్లజని, అంటే ఆక్సిజన్. రెండూ కలిసి ఉంటేనే తుప్పు పడుతుంది. వాన పడనవసరం లేదు. గాలిలో తేమ బాగా ఎక్కువైతే, ఇనుము మీద కంటికి కనిపించనంత పలచని నీటి పొర ఏర్పడుతుంది. అదే చాలు. ఆ నీటిలో కాస్త ఉప్పు చేరిందా, తుప్పు మరింత త్వరగా పడుతుంది. మావాడి గొర్రుకు ఒక మూల తుప్పు మరీ ఎక్కువగా ఉన్నది. ఎందుకా అని చూస్తే ఆ పక్కనే పామాయిలు తోటకు తెచ్చిన పొటాషు ఎరువు బస్తాలున్నాయి. పొటాషు కూడా ఒక రకం ఉప్పే.

ఇంకొక చిక్కు ఉన్నది. అల్యూమినియం మీద కూడా గాలికి ఒక పొర ఏర్పడుతుంది. కాని అది గట్టిగా అంటుకుని, కింది లోహాన్ని కాపాడుతుంది. తుప్పు అలాటిది కాదు. అది గుల్లగా ఉండి, నీటినీ గాలినీ లోపలికి రానిస్తుంది. పైగా ఇనుము కంటె తుప్పుకు చోటు ఎక్కువ కావాలి. అందుచేత అది రంగును పైకి నెట్టి పగలగొడుతుంది. మనం చూసిన బొబ్బలు అవే.

"అయితే నీటినీ గాలినీ ఇనుముకు తగలనివ్వకూడదు. దానికేగా రంగు వేశాను!" అన్నాడు మావాడు.

"వేశావు. ఎంత మందాన వేశావు?"

వాడికి నా ప్రశ్న అర్థం కాలేదు. అప్పుడే అక్కయ్య బావి పళ్ళెం దగ్గర నూలు చీరలకు గంజి పెడుతున్నది. నేను వాణ్ణి అక్కడికి తీసుకుపోయాను.

"అక్కయ్యా, ఈ గంజిలో ఇంకొక బిందెడు నీళ్ళు పోసి, ఇంకో నాలుగు చీరలకు కూడా సరిపెట్టరాదూ?" అన్నాను.

అక్కయ్య నవ్వింది. "అలా చేస్తే ఎనిమిది చీరలూ తడుస్తాయి గాని, ఒక్కదానికీ గంజి పట్టదు. ఆరినాక నీళ్ళు ఎగిరిపోతాయి. గంజి ఉన్నంతే ఉంటుంది."

"మరి నీళ్ళు అసలు కలపకపోతేనో?"

"ఒకచోట ముద్దలు కడుతుంది, ఒకచోట అసలు పట్టదు."

మావాడు నా కేసి చూశాడు. వాడికి సగం అర్థమైపోయింది.

గంజిలో నీరు ఎలాటిదో రంగులో తిన్నరు అలాటిది. అది రంగును ఇనుము మీద ప్రతి చోటికీ చేరుస్తుంది. చేర్చి, తాను గాలిలో కలిసిపోతుంది. ఇనుము మీద మిగిలేది అసలు సరుకు మాత్రమే. పలచన చెయ్యటం రంగును చేర్చటానికి గాని, రంగును పెంచటానికి కాదు.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. పెన్సిలు తీసుకోండి. లీటరు అంటే 1000 ఘన సెంటీమీటర్లు. లీటరు రంగును 10 చదరపు మీటర్లకు, అంటే 1,00,000 చదరపు సెంటీమీటర్లకు పూశామనుకోండి. పూత మందం సెంటీమీటరులో 100వ వంతు, అంటే మిల్లీమీటరులో పదో వంతు అవుతుంది. జిరాక్సు కాగితం ఒకటి సుమారు అంత మందం ఉంటుంది. 500 కాగితాల కట్ట ఎత్తు కొలిచి, 500తో భాగించి చూడండి, తెలుస్తుంది. ఇది తడిగా ఉన్నప్పటి సంగతి. ఆ రంగులో సగం ఎగిరిపోయే ద్రవమే అనుకుంటే, ఆరినాక మిగిలేది అర కాగితం మందం.

ఇక లీటరు రంగుకు లీటరు తిన్నరు కలిపి 20 చదరపు మీటర్లకు పూస్తే? మిగిలే సరుకు పెరగలేదు, పూసిన చోటు మాత్రం రెట్టింపయింది. అందుచేత పావు కాగితం మందమే మిగులుతుంది!

ఇనుము చూపుకు నున్నగా ఉన్నా, నిజానికి దాని మీద ఎత్తుపల్లాలుంటాయి. పావు కాగితం పూత పల్లాల్లోకి దిగిపోయి, ఎత్తుల మీద దాదాపు ఏమీ మిగలదు. పదునైన అంచుల మీద నుంచి తడి రంగు తనంతట తానే పక్కకు జారుకుంటుంది. తుప్పు ముందుగా అంచుల మీదా, బోల్టుల దగ్గరా లేవటానికి కారణం ఇదే.

"అయితే చిక్కటి రంగు దట్టంగా వేస్తే మంచిదేగా, మామయ్యా?"

కాదు. మరీ దట్టంగా వేస్తే పైన మీగడ కట్టినట్టు ఆరిపోతుంది, లోపల తడి చిక్కుకుంటుంది. తరవాత ముడతలు పడుతుంది. నిలువుగా ఉండే చోట కారి, చారలు కడుతుంది. బోల్టు సందుల్లోకి అసలు వెళ్ళదు. ఒక్క దట్టమైన పూత కంటె రెండు సన్నని పూతలు మేలు. మొదటి పూతలో ఎక్కడైనా సూదిమొనంత చోటు మిగిలితే రెండోది కప్పుతుంది. రెండూ ఒకే చోట తప్పటం అరుదు.

అంతా విని మావాడు కొంచెంసేపు ఊరుకుని, "అయితే తుప్పంతా గోకి మొదటి నుంచి చెయ్యాలి. మూడు రోజులే ఉన్నాయి," అన్నాడు.

తాతయ్య అరుగు మీద నుంచి ఇదంతా వింటున్నాడు. ఆయన కోప్పడలేదు. లేచి లోపలికి వెళ్ళి తీగబ్రష్షు, ఉప్పు కాగితం, చేతి తొడుగులు తెచ్చి గొర్రు పక్కన పెట్టాడు. ముక్కుకు కట్టుకోమని మాకు గుడ్డలు కూడా ఇచ్చాడు.

గురువారమంతా గోకటంతోనే సరిపోయింది. ముందు గొర్రును నీళ్ళతో కడిగి, మట్టీ ఎరువూ పోగొట్టి, ఎండలో ఆరబెట్టాం. తీగబ్రష్షుతో పెచ్చులు రాల్చాం. గట్టి ఇనుము కనిపించేదాకా ఉప్పు కాగితంతో రుద్దాం. ఒక హెచ్చరిక: ఎన్నో ఏళ్ళ నాటి పాత రంగును పిల్లలు గోకకూడదు. పూర్వం ఇనుముకు సీసం కలిసిన సింధూరం పూసేవారు. సీసం ధూళి విషం, పిల్లలకు మరీ ప్రమాదం. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం మిలియనులో 90 పాళ్ళకు మించరాదనే నియమం 2017లో గాని అమలులోకి రాలేదు.

శుక్రవారం కొత్త డబ్బా తెరిచాం. ఎర్ర పొడి అడుగున పేరుకుని, పైన పలచని నూనె తేలుతున్నది. మావాడు కిందటిసారి కలపకుండా పైపైనే కుంచె ముంచాడట! ఈసారి పుల్లతో అడుగుదాకా కలియబెట్టాం. విచిత్రం ఏమిటంటే, ఆ ఎర్ర పొడి కూడా ఇనుమూ ఆమ్లజనీ కలిసిన పదార్థమే, తుప్పుకు చుట్టమే. తుప్పును ఆపటానికి దాని చుట్టాన్నే కాపలా పెడుతున్నామన్న మాట.

తిన్నరు ఎంత కలపాలో డబ్బా మీద రాసి ఉంటుంది. దాన్ని మించకూడదు. మేము కొద్దికొద్దిగా పోస్తూ, పుల్లను పైకెత్తి చూశాం. రంగు ముద్దలుగా పడితే ఇంకా చిక్కగా ఉన్నట్టు. నీళ్ళలాగా చుక్కలు చుక్కలుగా రాలితే మరీ పలచన. నూలుపోగు లాగా తెగకుండా జారితే సరి. పెద్ద కర్మాగారాల్లో అడుగున చిన్న రంధ్రం ఉన్న గిన్నెలో రంగు పోసి, అది ఖాళీ కావటానికి ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కపెడతారు. అదీ ఇదీ ఒకటే పరీక్ష.

ముందుగా అంచులకూ, బోల్టులకూ, అతుకులకూ కుంచెతో పొడిచి పొడిచి వేశాం. తరవాత మిగతా అంతటా వేశాం. సాయంత్రం మంచు దిగకముందే పని ముగించాం. తడి ఇనుము మీద మామూలు రంగు నిలవదు. శనివారం ఆకుపచ్చ ఎనామిల్ రంగుతో రెండో పూత వేశాం. ఎరుపు మీద ఆకుపచ్చ వేస్తే ఎక్కడ తప్పిపోయిందో వెంటనే కనిపిస్తుంది.

కర్రుల మొనలకు మాత్రం రంగు దండగ. నేలలోకి దిగగానే అరిగిపోతుంది. వాటికి గ్రీజు పూశాం. డబ్బాలోని గ్రీజు ముద్దగా ఉంటుంది, మర సందుల్లోకి పోదు. అందుచేత రెండు చెంచాల గ్రీజులో కాస్త టర్పెంటు కలిపి, జారుడు పెరుగు లాగా చేసి పూశాం. దీపపు వత్తి నూనెను పీల్చుకున్నట్టు, అది సందుల్లోకి పాకింది. ఒక గంటకు టర్పెంటు ఎగిరిపోయి, గ్రీజు పొర మిగిలింది. పని ముగిసిన ప్రతిసారీ కర్రులు కడిగి, ఆరబెట్టి ఇలా పూస్తే ఏళ్ళ తరబడి ఉంటాయి.

ఇదంతా మేము ఆరుబయటే చేశాం. తిన్నరూ టర్పెంటూ త్వరగా అంటుకుంటాయి. వాటి ఆవిరి గాలి కంటె బరువు. నేల వెంబడి పాకి, పక్క గదిలో ఉన్న పొయ్యిని కూడా చేరగలదు. పెట్రోలు కలపనే కూడదు. నూనె రంగు తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే, వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. వాటిని విడదీసి బయట ఆరవెయ్యాలి. మిగిలిన తిన్నరును కాలవలో పొయ్యకూడదు. పెద్దవాళ్ళు దగ్గర లేకుండా ఈ పని చెయ్యనే వద్దు.

శనివారం రాత్రి అరుగు మీద కూచున్నప్పుడు మావాడు, "ఇక దీనికి ఎప్పటికీ రంగు అక్కర్లేదు గదా?" అని అడిగాడు.

ఏ రంగూ నీటిని శాశ్వతంగా ఆపలేదు, ఆలస్యం చేస్తుందంతే. పారిస్ నగరంలో ఐఫెల్ గోపురం ఉన్నది. 1889లో కట్టిన ఆ ఇనప గోపురానికి సుమారు ఏడేళ్ళకొకసారి రంగు వేస్తూ వచ్చారు. ఒక్కొక్కసారికి దాదాపు 60 టన్నుల రంగు పడుతుంది. మన గోదావరి మీద కొవ్వూరుకూ రాజమహేంద్రవరానికీ మధ్య హేవలాక్ వంతెన 1900 నుంచి 1997 దాకా రైళ్ళను మోసింది. అలాటి వంతెనలను కూడా మళ్ళీ మళ్ళీ గోకి, రంగు వేసి కాపాడుకోవలసిందే. పోలవరం స్పిల్వేకు 48 ఉక్కు గేట్లున్నాయి. ఎప్పుడూ నీటి ఒడ్డున నిలబడే అలాటి ఉక్కుకు పూతే రక్ష.

"ఢిల్లీలో ఇనప స్తంభానికి రంగే లేదుగా!" అన్నాడు మావాడు. వాడు పాఠంలో చదివాడు.

నిజమే. ఆ స్తంభం సుమారు 1600 ఏళ్ళుగా నిలిచి ఉన్నది. దాన్ని చేసిన ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ. దానివల్ల స్తంభం మీద ఒక పలచని గట్టి పొర ఏర్పడి, తుప్పును ఆపుతున్నది. అంటే దాని చొక్కాను అదే కుట్టుకున్నదన్న మాట! మన గొర్రు ఇనుముకు ఆ విద్య రాదు. మనమే తొడగాలి.

ఆదివారం పొద్దున పెదనాన్న వచ్చాడు. ఆకుపచ్చగా మెరుస్తున్న గొర్రును చూసి ఆశ్చర్యపడ్డాడు. మావాడు నోరు మూసుకుని ఊరుకుని ఉంటే ఆయనకు ఏమీ తెలిసేది కాదు. కాని వాడు ముందుకు వచ్చి, "పెదనాన్నా, నేను తిన్నరు ఎక్కువ కలిపి వెయ్యటం వల్ల మీ గొర్రు తుప్పు పట్టింది. గోకి మళ్ళీ వేశాం. ఈ మూలన కొంచెం గుంటలు పడ్డాయి, అవి మాత్రం పోలేదు," అని చూపించాడు.

పెదనాన్న వంగి ఆ గుంటలను తడిమాడు. తరవాత చెయ్యి గొర్రు అడుగుకు పోనిచ్చి, ఎవరూ చూడని చోట బోల్టుల వెనక తడిమి చూశాడు. అక్కడ కూడా రంగు నున్నగా తగిలింది.

"ఇక్కడ కూడా వేశావురా!" అన్నాడు ఆయన. కొంచెంసేపు ఆగి, "మా ట్రాక్టరు ట్రక్కు కూడా తుప్పు పడుతున్నది. సంక్రాంతి సెలవుల్లో ఖాళీయేనా?" అని అడిగాడు.

మావాడి మొహం వెలిగిపోయింది. అయినా లెక్క మరిచిపోలేదు. "ముందు మా వీధి గేటు ఉంది, పెదనాన్నా! దానికి కూడా ఆ నీళ్ళ రంగే వేశాను," అన్నాడు. ఒక డబ్బా మిగల్చబోయి, రెండు డబ్బాలూ మూడు రోజులూ ఖర్చు చేశానని వాడు ఇప్పుడు తానే అందరికీ చెబుతున్నాడు.

మీరు చెయ్యండి: జింకు పూత లేని మామూలు ఇనప మేకులు నాలుగు తీసుకుని, సబ్బుతో కడిగి తుడవండి. మొదటిదాన్ని ఒక గ్లాసు మంచినీళ్ళలో వెయ్యండి. రెండోదాన్ని ఉప్పునీళ్ళలో వెయ్యండి. మూడోదానికి నిండా వేజలీను పూసి ఉప్పునీళ్ళలో వెయ్యండి. నాలుగోదానికి సగం దాకా మాత్రమే వేజలీను పూసి, అదే విధంగా ఉప్పునీళ్ళలో వెయ్యండి. రోజూ ఒకే వేళకు చూసి, వారం రోజులు నోటు పుస్తకంలో రాయండి. ఏ మేకుకు తుప్పు ముందు పట్టింది? నాలుగో మేకుకు తుప్పు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది? మీరు చూసినదే రాయండి. మేకు మీరనుకున్నట్టు తుప్పు పట్టకపోతే, పట్టలేదనే రాసి, ఎందుకు పట్టలేదో ఆలోచించండి.